దవడ ఒప్పుకున్న మేకు

ఆరోగ్యంగా ఉన్న పన్నును రెండు వేళ్లతో పట్టుకుని ఊపి చూస్తే రాయిలా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ కదులుతుంది. నమిలినప్పుడల్లా ప్రతి పన్నూ తన గుంటలో వెంట్రుక మందం కూడా మించనంతగా కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది. ఎందుకంటే పంటి వేరు ఎముకకు అతుక్కుని లేదు. వేరు చుట్టూ మిల్లీమీటరులో ఐదో వంతు మందం ఉన్న నారల పొర ఒకటి ఉంది. దంత వైద్యులు పెరియోడాంటల్ లిగమెంట్ అనేది దీన్నే. ఆ నారలు ఒక కొస వేరులోనూ మరో కొస ఎముకలోనూ నాటుకుని పన్నును ఊయల తాళ్లలా పట్టి ఉంచుతాయి. పన్ను ఎముకలో పాతుకుని ఉందనడం కన్నా, ఎముకలో వేలాడుతోందనడమే సరి.

ఇంప్లాంట్ పంటికి ఈ పొర లేదు. ఎముకలో బిగించిన టైటానియం స్క్రూ, దానిమీద అబట్‌మెంట్ అనే చిన్న దిమ్మె, ఆపైన పన్ను ఆకారంలో ఉండే క్యాప్, ఇంతే దాని నిర్మాణం. స్క్రూను ఎముకే నేరుగా పట్టుకుని ఉంటుంది, నడుమ మెత్తటిదేదీ ఉండదు. ఇంప్లాంట్ అంత గట్టిగా ఎందుకు నిలుస్తుందో, ఎక్కడెక్కడ ఇబ్బంది పెడుతుందో, రెండింటికీ మూలం ఈ లోటులోనే ఉంది. ‘అచ్చం సొంత పన్నే’ అన్న మాట వినడానికి బాగుంటుంది. పెట్టించుకోవాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు మాత్రం పోలిక కన్నా తేడా తెలియడమే ఎక్కువ అవసరం.

పోయిన పంటి చోట ఏదో ఒకటి దవడలో నిలబెట్టాలన్న ఆశ చాలా పాతది. 1931లో హొండురాస్‌లో దొరికిన మాయా నాగరికత కాలపు కింది దవడ ఎముకలో ముందు పళ్ల స్థానంలో సముద్రపు చిప్ప ముక్కలు చెక్కి పెట్టి ఉన్నాయి. 1970లో ఎక్స్-రే తీసి చూస్తే వాటి చుట్టూ ఎముక పెరిగిన గుర్తులు కనిపించాయి. అంటే శవానికి చేసిన అలంకారం కాదు, బతికున్న మనిషికే పెట్టారు. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చిగురు కింద ఎముక మీద లోహపు చట్రాలు కూర్చోబెట్టడం, ఎముకలోకి పలుచని లోహపు రేకులు దిగ్గొట్టడం మొదలైంది. కొన్ని ఏళ్ల తరబడి నిలిచాయి, ఎన్నో వదులై బయటికొచ్చాయి. వాటి చుట్టూ శరీరం మచ్చలాంటి నారపొర కట్టేది. విచిత్రమేమిటంటే, అప్పట్లో కొందరు నిపుణులు దాన్ని లోపంగా కాక గుణంగా చూశారు. సహజమైన పంటి చుట్టూ ఉండే పొరకు ఇదే బదులు అని వాదించారు. కానీ ఆ నారలు లోహంలో నాటుకున్నవి కావు, పరాయి వస్తువును వేరుచేయడానికి శరీరం చుట్టబెట్టిన గుడ్డలాంటివి. నమిలేకొద్దీ లోహం కదిలేది, కదిలేకొద్దీ పొర మందమయ్యేది, పొర మందమయ్యేకొద్దీ ఇంకా కదిలేది.

ఆ వాదనను తలకిందులు చేసిన ప్రయోగానికి అసలు పళ్లతో సంబంధమే లేదు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు బతికున్న ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో కళ్లారా చూడాలనుకున్నారు. అందుకోసం కుందేళ్ల కాలి ఎముకల్లో, సూక్ష్మదర్శినితో చూసే వీలున్న టైటానియం గొట్టాలు బిగించారు. పని ముగిశాక వాటిని తీసి మళ్లీ వాడుకుందామంటే ఊడిరాలేదు. ఎముక లోహాన్ని తనలో కలిపేసుకుంది. నారపొర లేకుండా ఎముకా లోహమూ ఇలా కలిసిపోవడానికి తర్వాత ఆయన పెట్టిన పేరే ఆసియోఇంటిగ్రేషన్. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే దవడ లోపం ఉన్న వ్యక్తికి తొలిసారి ఇలాంటి ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో ఆయన చనిపోయేదాకా, అంటే 40 ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. అయినా వృత్తిలోని పెద్దలు చాలాకాలం నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సులో ఏళ్ల తరబడి గమనించిన రోగుల వివరాలు ముందు పెట్టాకే ఉత్తర అమెరికా వైద్యులు తలుపు తీశారు.

టైటానియమే ఎందుకు? తుప్పు పట్టదు కాబట్టి అనేస్తారు. ఒక రకంగా చూస్తే అది క్షణంలో తుప్పు పట్టే లోహం. గాలి తగిలీ తగలగానే దాని ఒంటిమీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఇనుప తుప్పులా పెళ్లలు రాలదు, గీత పడినా వెంటనే పూడుకుంటుంది. ఎముక కణాలకు తగిలేది ఆ ఆక్సైడే తప్ప లోహం కాదు. దానిని అవి పరాయిదిగా చూడవు. నున్నగా కాక ఆమ్లంతోనో సన్నని రేణువులతోనో గరుకు చేసిన ఉపరితలమైతే ఎముక ఇంకా తొందరగా పట్టుకుంటుంది. బ్రోనెమార్క్ మొదట పెట్టుకున్న లెక్క కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలలు. గరుకు ఉపరితలాలు వచ్చాక ఎముక బాగున్న చోట ఈ గడువు 6 నుంచి 8 వారాలకు తగ్గింది. లోహం వద్దనుకునేవాళ్లకు జిర్కోనియా అనే పింగాణీ తరహా పదార్థంతో చేసిన ఇంప్లాంట్లూ ఉన్నాయి కానీ, టైటానియానికి ఉన్నంత సుదీర్ఘమైన అనుభవం వాటికి లేదు.

ఎముక ఒప్పుకోవడం అన్నది షరతులు లేని ఒప్పందం కాదు. డ్రిల్లు వేడికి ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉంటే చాలు, ఆ భాగం చచ్చిపోతుంది. అందుకే చల్లటి సెలైన్ పోస్తూ, చిన్న డ్రిల్లు నుంచి పెద్దదానికి మెల్లగా వెళ్తారు. రెండో షరతు కదలకపోవడం. మానే కాలంలో స్క్రూ సుమారు 150 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి అల్లాడితే ఎముకకు బదులు ఆ పాత నారపొరే కడుతుంది.

ఈ మానే కాలంలో పైకి కనపడని మలుపు ఒకటి ఉంది. మొదటి రోజు స్క్రూను పట్టి ఉంచేది బిగింపు మాత్రమే, గోడలో దిగిన మేకుకు ఉండే పట్టులాంటిది. ఆ తర్వాత శరీరం నలిగిన ఎముకను కరిగించి, కొత్త ఎముక కట్టడం మొదలుపెడుతుంది. పాతది కరిగి కొత్తది ఇంకా గట్టిపడని రోజులు నడుమ వస్తాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల మధ్య పట్టు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే వాపు దిగి, నొప్పి పోయి, కుట్లు తీసేసి ఉంటారు. ఇక ఫర్వాలేదని గట్టివి కొరికేది అప్పుడే. ఒకే రోజులో పళ్లు పెట్టే పద్ధతి అబద్ధమేమీ కాదు, మొదటి బిగింపు తగినంత గట్టిగా ఉన్నచోట తాత్కాలిక పళ్లు అదే రోజు పెట్టవచ్చు. పక్కపక్క స్క్రూలను కలిపి కట్టేస్తే అవి ఒకదానికొకటి ఊతమవుతాయి. కానీ ఒకే రోజులో అయ్యేది పళ్లు అమర్చడమే, ఎముక కట్టుకోవడం కాదు. ఎముక తన సమయం తను తీసుకుంటుంది.

అసలు స్క్రూ పెట్టడానికి ఎముక మిగిలి ఉండాలి కదా. ఇక్కడా ఆ సన్నటి పొర సంగతే. పంటి గుంట లోపలి గోడను బతికించేది ఆ నారలే. పన్నుతోపాటు అవి పోగానే ఆ గోడకు పని ఉండదు, శరీరం దాన్ని కరిగించేస్తుంది. పెదవి వైపు గోడ ముందే కాగితంలా పలుచన కాబట్టి అది మొదట పోతుంది. వెనక పన్ను తీసిన ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగానికి పడిపోవచ్చు, ఆ నష్టంలో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే జరిగిపోతుంది. పన్ను తీసిన వెంటనే అదే గుంటలో ఇంప్లాంట్ పెడితే ఎముక కరగదన్న నమ్మకం ఒకటి చాలాకాలం ఉండేది. అది నిలబడలేదు. స్క్రూ పెట్టినా బయటి గోడ కరగడం ఆగదు, గుంటలో ఎముక పొడి నింపితే తగ్గుతుందంతే. ఈ పొడి మనిషి ఎముకది కావచ్చు, పశువులదీ కావచ్చు, పూర్తిగా కృత్రిమమైనదీ కావచ్చు. ఏది వాడుతున్నారో అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

కింది దవడ వెనక భాగంలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఎముక లోపలినుంచి వెళ్తుంది. స్క్రూ కొసకూ దానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. అది తప్పితే పెదవి నెలలకొద్దీ, ఒక్కోసారి ఎప్పటికీ, మొద్దుబారిపోవచ్చు. పై దవడ వెనక సమస్య వేరు. అక్కడ ఎముక పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది, పళ్లు పోయాక అది కిందికి జారి వస్తుంది. చాలినంత ఎత్తు లేకపోతే ఆ గది అడుగు పొరను మెల్లగా పైకెత్తి కింద ఎముక పొడి నింపుతారు. ఇవన్నీ మామూలు ఎక్స్-రేలో పూర్తిగా తెలియవు, ఎముకను మూడు వైపులా చూపించే సీబీసీటీ స్కాన్ కావాలి.

క్యాప్ పెట్టాక కథ ముగిసిందనుకుంటారు. నిజానికి ఆ పొర లేకపోవడం రోజువారీ అనుభవంలోకి వచ్చేది అప్పుడే. సహజమైన పళ్ల మధ్య 20 మైక్రాన్ల పలుచని రేకు పడినా పట్టేస్తాం. ఇంప్లాంట్ కింద పడితే తెలియాలంటే దాదాపు రెండింతలకు పైగా మందం ఉండాలి, అదీ ఎముక ద్వారా అందే మసక సమాచారమే. ఎంత గట్టిగా కొరుకుతున్నారో ఇంప్లాంట్ చెప్పదు. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవాళ్లకు క్యాప్ పింగాణీ పెచ్చులూడటం, లోపలి స్క్రూ వదులవడం ఎక్కువగా జరిగేది ఇందుకే. మంచి పనితనం ఉన్న వైద్యులు క్యాప్ ఎత్తును సరిచేసేటప్పుడు ఒక సంగతి చూస్తారు: మెల్లగా నోరు మూస్తే ఇంప్లాంట్ పన్ను ఎదుటి పన్నుకు తగలీ తగలనట్టుండాలి, గట్టిగా కొరికినప్పుడే పూర్తిగా తగలాలి. పక్క పళ్లు బరువుకు ఆ కొద్దిపాటి దూరం కిందికి దిగుతాయి, ఇది దిగదు. ముందే సమానంగా తగిలితే గట్టిగా కొరికినప్పుడు బరువంతా దీనిమీదే పడుతుంది.

ఈ కదలని గుణమే ఇంకోచోట వింతగా బయటపడుతుంది. పళ్లు జీవితాంతం కొద్దికొద్దిగా ముందుకు జరుగుతూ ఉంటాయి, ఇంప్లాంట్ పెట్టినచోటే ఉంటుంది. కొన్నేళ్లు గడిచాక ఇంప్లాంట్‌కూ దాని ముందున్న పన్నుకూ మధ్య సందు ఏర్పడి తిన్నదల్లా అక్కడ ఇరుక్కోవడం మామూలే. అది పెట్టినవాళ్ల తప్పు అనుకోనక్కర్లేదు, క్యాప్ మార్చి సందు మూయవచ్చు. ఎదిగే వయసు పిల్లల్లో మాత్రం ఇది చిన్న విషయం కాదు. దవడ పెరుగుతుంటే సహజమైన పళ్లు దానితోపాటు కిందికో పైకో జరిగి వరసలో ఉంటాయి. ఇంప్లాంట్ ఎముకలో చిక్కుకున్న రాయిలా ఆగిపోయి, చూస్తుండగానే వరస తప్పి పొట్టిగా కనిపిస్తుంది. ఆటల్లో ముందు పన్ను విరగ్గొట్టుకున్న పద్నాలుగేళ్ల పిల్లకు ఎదుగుదల ఆగేదాకా తాత్కాలిక ఏర్పాటుతో ఆగమనడం అందుకే. తల్లిదండ్రులకు ఆ ఎదురుచూపు కష్టంగానే ఉంటుంది.

అన్నిటికన్నా బరువైన సమస్య చిగురు దగ్గర ఉంది. సహజమైన పన్ను చుట్టూ చిగురు నారలు అడ్డంగా వచ్చి వేరులో నాటుకుని ఉంటాయి. అది బ్యాక్టీరియాకు ఓ గోడ. టైటానియంలో నారలు నాటుకోలేవు, దాని పక్కన నిలువుగా ఆనుకుని మాత్రమే ఉంటాయి. గోడ స్థానంలో తెర ఉన్నట్టు. పాచి పేరుకుంటే మొదట చిగురు ఎర్రబడి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే వెనక్కి తిప్పవచ్చు. వదిలేస్తే వాపు ఎముకలోకి దిగి, స్క్రూ చుట్టూ గిన్నె ఆకారంలో ఎముకను తినేస్తుంది. దీన్ని పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. పరిశోధనల్ని కలిపి చూసిన అంచనాల ప్రకారం ఇంప్లాంట్లు ఉన్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఇది ఏదో ఒక స్థాయిలో ఉంటోంది.

దీని అసలు ప్రమాదం చప్పుడు చేయకపోవడం. చిగుళ్ల జబ్బుతో ఎముక పోతున్న సహజమైన పన్ను కదలడం మొదలుపెట్టి హెచ్చరిస్తుంది. ఇంప్లాంట్ అడుగున ఇంత ఎముక మిగిలి ఉన్నా గట్టిగానే నిలబడి ఉంటుంది, కదిలిందంటే ఇక తీసేయడమే. నొప్పి కూడా చాలామందికి ఉండదు. చికిత్సా అంత తేలిక కాదు. ఎముక పట్టుకోవాలని గరుకు చేసిన మరలే బయటపడ్డాక బ్యాక్టీరియాకు ఇల్లవుతాయి, వాటి సందుల్లోంచి గారను పూర్తిగా తీయడం కష్టం. పదేళ్ల తర్వాత 95 శాతం దరిదాపుల్లో ఇంప్లాంట్లు నిలిచి ఉంటున్నాయన్న లెక్క నిజమే. అయితే ‘నిలిచి ఉండటం’ అంటే నోట్లో ఉండటం మాత్రమే. చుట్టూ చీము పడుతున్నదీ, ఎముక సగం పోయినదీ ఆ 95లోనే ఉంటాయి. ఈ అంకె చెప్పినప్పుడు ఈ సంగతి కూడా చెప్పేవాళ్లు తక్కువ.

ఎవరికి ముప్పు ఎక్కువో చాలావరకు ముందే తెలుసు. చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవాళ్లు మొదటివాళ్లు. ఆ నోరే, ఆ బ్యాక్టీరియాయే కదా, పన్ను మారినంతలో మారవు. పొగతాగేవాళ్లు, అదుపులో లేని మధుమేహం ఉన్నవాళ్లు తర్వాత వస్తారు. మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కుదరదనేది మాత్రం తప్పు, చక్కెర అదుపులో ఉంటే ఫలితాలు బాగానే ఉంటున్నాయి. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులు, క్యాన్సర్‌కు ఇచ్చే ఆ తరహా ఇంజెక్షన్లు, దవడకు రేడియేషన్, వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పాలి. దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం వాటితో ముడిపడి ఉంది. వైద్యుల వైపునుంచి జరిగే పొరపాటు ఒకటుంది: క్యాప్‌ను సిమెంట్‌తో అతికించినప్పుడు చిగురు కిందికి జారిన మిగులు సిమెంట్ కనపడక అక్కడే ఉండిపోయి వాపు తెస్తుంది. వీలున్నచోట స్క్రూతో బిగించే క్యాప్ మేలనడానికి ఇదో కారణం. అవసరమైతే దాన్ని విప్పి మళ్లీ బిగించవచ్చు కూడా.

ఇన్ని చెప్పాక, పక్క పళ్ల ఆసరాతో లేని పన్నును నిలబెట్టే బ్రిడ్జే నయమనిపించవచ్చు. బ్రిడ్జి తొందరగా అయిపోతుంది, ఆపరేషన్ ఉండదు. కానీ లేని పన్నును మోయడానికి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీయాలి. అవి చెక్కుచెదరని పళ్లయితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే. ఆ రెండూ ఎలాగూ క్యాపులు వేయాల్సిన పళ్లయితే లెక్క మారుతుంది, అక్కడ బ్రిడ్జి తెలివైన పని. పళ్లన్నీ పోయినవాళ్ల విషయంలో మాత్రం ఇంప్లాంట్ తెచ్చిన మార్పుకు సాటి లేదు. కింది దవడ కట్టుడు పళ్లు నాలుక కదిలినప్పుడల్లా లేచిపోతుంటాయి. ముందు భాగంలో రెండు స్క్రూలు పెట్టి సెట్టును వాటికి బొత్తాముల్లా తగిలిస్తే చాలు, తినడమూ మాట్లాడటమూ మారిపోతాయి. కింది దవడలో పళ్లు లేనివారికి కనీసంగా ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తేల్చారు. దవడ మొత్తానికి కదలని పళ్లే కావాలన్నా పన్నుకో స్క్రూ అక్కర్లేదు. వెనక రెండింటిని ఏటవాలుగా దించి నాలుగు స్క్రూల మీద వరసంతా నిలబెట్టే పద్ధతి 1990ల చివర్లో పోర్చుగల్‌లో మొదలై ప్రపంచమంతా పాకింది.

పోయిన ప్రతి పన్నునూ తిరిగి పెట్టి తీరాలన్నది కూడా నియమమేమీ కాదు. ముందు పళ్లూ, వాటి వెనక చిన్న దవడ పళ్లూ బాగుంటే, చివరి దవడ పళ్లు లేకపోయినా చాలామంది హాయిగా నమలగలరని డచ్ దంత వైద్యులు 1980లలోనే చూపించారు. ఇక బాగుచేయగలిగిన పన్నును తీయించి ఇంప్లాంట్ పెట్టించుకోవడం చాలావరకు నష్టబేరమే. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన పన్ను కూడా ఇంప్లాంట్‌కు దీటుగా ఏళ్లకేళ్లు నిలుస్తుంది, పైగా దానికి ఆ నారల పొర ఉంటుంది.

పెట్టించుకున్నవాళ్లు ఓ చిన్న కాగితాన్ని మాత్రం పోగొట్టుకోకూడదు. స్క్రూ ఏ కంపెనీది, ఏ రకం, ఎంత వ్యాసం, ఎంత పొడవు, అబట్‌మెంట్ ఏది అని రాసి ఉండే చీటీ అది. ఒక కంపెనీ భాగాలు మరోదానికి ఒక్కోసారి కూర్చున్నట్టే కూర్చుని లోపల సందు వదులుతాయి, చాలాసార్లు అసలు పట్టవు. పదిహేనేళ్ల తర్వాత వేరే ఊళ్లో క్యాప్ వదులై, పెట్టిన వైద్యుడు అందుబాటులో లేనప్పుడు, ఆ చీటీ ఉంటే అరగంటలో బిగించి పంపుతారు. లేకపోతే ఎక్స్-రేలో కనపడే మరల ఆకారాన్ని బట్టి అదెవరి స్క్రూనో ఊహించడంతో మొదలుపెట్టాలి.